పడిందా?

పేరు చెంగల్రాయుడు. వయసు అరవై మూడు.
పని?
బోరు బండి.
"బోరు బండి అంటే?" అనింది రాసుకునే పాప.
పలమనేరు మిట్టల్లో నలభై ఏండ్లు
నేలకు చిల్లులు పొడిచినోడినమ్మా అన్నా.
తలెత్తి చూసింది. నవ్వలేదు.
"ఒంట్లో యాడైనా ఇనుముందా తాతా?"

ఇనుము.
తాయెత్తు తీసిచ్చినా, మొలతాడు తీసిచ్చినా,
పంటి తొడుగు గూడా నోరు తెరిచి చూపించినా.
ఎప్పుడో పుంగనూరు పక్క బిట్టు పగిలి
కంట్లో పడిన పలుకు సంగతి చెప్తే
ముందు కంటికి ఎక్స్‌రే తీసినారు.
ఏమీ లేదని తేలినాకనే
ఆ తెల్ల గొట్టంలోకి తోసినారు.

ఊర్లకు నీళ్ళు తోడినోడికి
ఒంటేలు చుక్క చుక్కగా వచ్చేదేందని
మొగిలమ్మ నవ్వేది మొదట్లో.
నాలుగు దాటకూడనిది
రక్తంలో పదకొండు ఉండాదని చీటీ వచ్చినాక
నవ్వడం మానేసింది.

కదలొద్దన్నారు.
చెవుల్లో దూది, చేతిలో రబ్బరు బుడగ,
భయమైతే నొక్కమన్నారు.
దబదబ దబదబ, గిర్ర్, మళ్ళా దబదబ.
కంప్రెషర్ మోతకు సగం చెవుడొచ్చినోడిని,
నాకేం భయం?
ముంజేతికి మందెక్కిస్తే
డ్రిప్పు పైపులో తొలి నీళ్ళు పాకినట్టు
చల్లగా పైకెక్కింది.
అప్పుడు నొక్కాలనిపించింది. నొక్కలేదు.

డాక్టరమ్మ తెర మీద చూపించింది.
పచ్చి నిమ్మకాయంత గ్రంథి,
కుడిపక్క నల్లటి మచ్చ.
"ఐదుకి నాలుగు మార్కులు."
మార్కులు ఎక్కువొస్తే మంచిది కాదని
బళ్ళో ఎవరూ చెప్పలేదు నాకు.
"మచ్చ చూస్తే చాలదు. ముక్క తీసి చూడాలి."

ఆ మాట నాకెవరూ విప్పి చెప్పబళ్ళే.
అరచేతిలో టెంకాయ నిలబడిందనో
యాప పుల్ల వంగిందనో
పాయింటు చూపించేవాళ్ళు.
మిషన్లు తెచ్చి గీతలు గీసేవాళ్ళు.
ఎవరేం చెప్పినా
దించితే గదా తెలిసేది.

పక్కకు తిరిగి పడుకుని
మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నా.
మానం గురించి ఏం చెప్పేది,
గోడ టైల్సు లెక్కపెడతా ఉండినా.
టప్.
స్టేప్లరు కొట్టినట్టు, టప్.
మచ్చలో మూడు, చుట్టూ పన్నెండు.
ఒక నిమ్మకాయలో పదహైదు బోర్లు.
సన్నటి దారప్పోగులు
సీసాల్లో మునిగినాయి,
ఒక్కోదానికి ఒక నంబరు.

ఏడో టప్పుకు కోదండప్ప గుర్తొచ్చినాడు.
బైరెడ్డిపల్లి పక్క సెనిక్కాయ చేను.
ఏడు బోర్లేసినా. ఏడూ పొడి దుమ్మే.
ఆయప్ప నెత్తి తెల్లగా, కనురెప్పలు గూడా తెల్లగా,
"ఇంకొక్క రాడ్డు దించు సామీ" అంటా ఉండినాడు.
నేను ఆయప్ప మొగం చూడలేదు.
అడుగులు లెక్కపెట్టినా, డబ్బులు లెక్కపెట్టినా,
బండి తిప్పుకుని వచ్చేసినా.

మూడు దినాలు ఒంటేలు ఎర్రగా వచ్చింది.
మామూలేనన్నారు.
కొత్త బోర్లో మొదట బురదే గదా.

ఎనిమిదో దినం
తిరపతి ఆస్పత్రి వసారాలో కూచున్నాం.
ఎదురుగా కొండ మీదికి మబ్బు దిగతా ఉండాది.
ఎండిపోయిన బోరు కావాలని
బతుకులో మొదటిసారి మొక్కుకున్నా.

లోపల డాక్టరమ్మ కాగితం చదివింది.
చదివి, పక్కన పెట్టి,
నా మొగం చూసింది.
చానాసేపు చూసింది.

బయటికొస్తానే మొగిలమ్మ లేచి నిలబడింది.
నలభై ఏండ్లు నేను ఇంటికి రాంగానే
అడిగే మాటే అడిగింది:
"పడిందా?"

రెండిట్లో, అన్నా.
పదహైదుకి రెండు.
ఇంకా లోతుకు పోలేదంట. దారుండాదంట.

ఆమె ఏమీ అనలేదు.
కొంగు తీసి నా నెత్తి తుడిచింది,
దుమ్మేమీ లేకపోయినా.